గోధుమ చేలో యూరియా ఎవరికి చేరుతుంది: విత్తన మోతాదు, సాళ్ల దూరం, కలుపు

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న విధంగా చెబుతాను. ఆదిలాబాద్ జిల్లాలో సోయా కోసిన నల్లరేగడిలో, బోరు కింద రెండెకరాల్లో గోధుమ వేశారు. ఎకరాకు 40 కిలోల విత్తనం చేత్తో వెదజల్లి, ఒక బస్తా డీఏపీ, మూడు బస్తాల యూరియా వాడారు. చేను నిండుగా, ముదురు పచ్చగా లేచింది కాని అందులో సగం పప్పుకూర, మిగతా కలుపే కావడంతో దిగుబడి నిరాశపరిచింది. ఈసారి విత్తనం 60 కిలోలకు పెంచితే కలుపు అణుగుతుందా, యూరియా మరో బస్తా పెంచితే గోధుమ కలుపును దాటిపోతుందా అని అడిగారు. మొదటి ప్రశ్నకు నా సమాధానం, అణుగుతుంది కాని అందుకు 60 కిలోలు అక్కర్లేదు, వెదజల్లడం మానితే చాలావరకు సరిపోతుంది. రెండో ప్రశ్నకు సమాధానం, దాటిపోదు. మీ చేను ఉన్న స్థితిలో ఆ నాలుగో బస్తా కలుపుకే పోతుంది.

గోధుమ గురించి నాకు తెలిసింది ప్రధానంగా హర్యానా, పంజాబ్ చేలలో పనిచేస్తూ నేర్చుకున్నదే. కాబట్టి ముందు అక్కడి సంగతి చెప్పి, తర్వాత మీ నేలకు వస్తాను. ఎరువు, విత్తన మోతాదు, కలుపు అనే మూడింటినీ విడివిడిగా చూసినంతకాలం ఏ సలహా సరిగ్గా పనిచేయదు. యూరియా ఇచ్చే పోషకమైన నత్రజని, చేలో గోధుమ, కలుపుల్లో ఏది ముందుంటే దాన్ని ఇంకా ముందుకు తోస్తుంది. ఎవరు ముందుండాలో తేల్చేది విత్తే తేదీ, మొక్కల సాంద్రత, సాళ్ల అమరిక, తొలి నెలలో చేసిన కలుపు నివారణ.

గోధుమ పిలకలు (మొదలు నుంచి వచ్చే పక్క కాండాలు) తొడిగే పంట. కలుపు లేని చేలో చదరపు మీటరుకు 150 మొక్కలున్నా 300 మొక్కలున్నా చివరికి వెన్నుల సంఖ్య దగ్గర దగ్గరగానే వస్తుంది, ఎందుకంటే పల్చగా ఉన్నచోట మొక్క మరిన్ని పిలకలు వేసి ఆ ఖాళీని నింపుకుంటుంది. పరిశోధన క్షేత్రాల్లో కలుపు పూర్తిగా తీసిన మడుల్లో విత్తన మోతాదు ప్రయోగాలు చేస్తే పెద్దగా తేడా కనబడకపోవడానికి కారణం ఇదే. ఆ ఫలితాలు చూసి విత్తన మోతాదుకు ప్రాధాన్యం లేదనుకుంటే దెబ్బతింటాం. పిలకలతో ఖాళీ నిండడానికి నలభై, యాభై రోజులు పడుతుంది. ఆ లోపే కలుపు అక్కడ తిష్ఠ వేస్తుంది. కలుపున్న చేలో మొక్కల సాంద్రత పెరిగేకొద్దీ దిగుబడి పెరుగుతూనే పోవడం, అదే రకం కలుపు లేని చేలో తొందరగా ఒకచోట ఆగిపోవడం చాలా దేశాల ప్రయోగాల్లో కనిపించిన విషయం. విత్తన మోతాదుకు అసలు విలువ కలుపు ఉన్నప్పుడే బయటపడుతుంది.

వెలుతురు కోసం జరిగే పోటీ వేరు, నీరు, పోషకాల కోసం జరిగే పోటీ వేరు. నేలలో ప్రతి మొక్కకూ దాని వేళ్ల పరిమాణాన్ని బట్టి కాస్తయినా వాటా దక్కుతుంది. వెలుతురు విషయంలో అలా ఉండదు. పైనున్న ఆకు కింది ఆకును నీడలోకి నెడుతుంది కాని, కింది ఆకు పై ఆకుకు ఏ నష్టమూ చేయలేదు. మూడో వారంలో నాలుగు వేళ్ల ఎత్తు తేడా ఉంటే ఆ ఆధిక్యం చక్రవడ్డీలా పెరుగుతూ పోతుంది. డెన్మార్క్‌లో గోధుమను మామూలు సాళ్లలో కాకుండా అన్ని వైపులా సమదూరంలో, ఎక్కువ సాంద్రతతో విత్తి చూసిన ప్రయోగాల్లో కలుపు గణనీయంగా తగ్గి, దిగుబడి పెరగడానికి మూలం కూడా ఇదే: సాంద్రత, సమమైన అమరిక రెండూ కలిస్తే గోధుమ మొక్కలు ఒకదానితో ఒకటి పోటీపడడం ఆలస్యమవుతుంది, కలుపుతో పోటీ మాత్రం ముందే మొదలవుతుంది.

ఈ లెక్కను మీ చేలోకి తెచ్చి చూద్దాం. వెయ్యి గింజల బరువు 40 గ్రాములుండే రకమైతే ఎకరాకు 40 కిలోలంటే పది లక్షల గింజలు, అంటే చదరపు మీటరుకు సుమారు 247. మొలకశాతం, పక్షులు, చీమలు, లోతు తేడాలు అన్నీ పోను 180 నుంచి 200 మొక్కలు నిలవాలి. వెదజల్లి గుంటక తోలితే కొన్ని గింజలు పైనే ఉండిపోతాయి, కొన్ని వేలెడు లోతుకు మించి పడతాయి. ఒకచోట గుత్తిగా, పక్కనే జానెడు ఖాళీగా మొలుస్తాయి. మీరు వేసింది 40 కిలోలే అయినా నిలిచింది 120 మొక్కలే అయినా నేను ఆశ్చర్యపోను. అదే విత్తనాన్ని గొర్రుతో గాని సీడ్ డ్రిల్‌తో గాని 4 నుంచి 5 సెంటీమీటర్ల లోతులో సాళ్లలో వేస్తే, ఒక్క గింజ కూడా పెంచకుండానే మొక్కల సంఖ్య పెరుగుతుంది. గింజ లావుగా ఉండి వెయ్యి గింజలు 50 గ్రాములు తూగితే మాత్రం 40 కిలోల్లో ఎనిమిది లక్షలే ఉంటాయి కాబట్టి, అదే సాంద్రతకు 50 కిలోలు కావాలి. విత్తే ముందు వెయ్యి గింజలు లెక్కపెట్టి కిరాణా కొట్టు త్రాసు మీదైనా తూచమని నేను అందరికీ చెబుతాను. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఉపయోగపడే పరీక్ష గోధుమలో మరొకటి లేదు.

సాళ్ల దూరం సంగతీ అంతే ముఖ్యం. 22.5 సెంటీమీటర్ల సాళ్లలో చదరపు మీటరుకు 200 మొక్కలుంటే, సాలులో ఒక మీటరుకు 45 మొక్కలు పడతాయి. అంటే సాలులో మొక్కకూ మొక్కకూ మధ్య రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, సాలుకూ సాలుకూ మధ్య దానికి పది రెట్లు. ఆ మధ్య జాగా కలుపుకు వదిలేసినట్లే. అవే 200 మొక్కలను 15 సెంటీమీటర్ల సాళ్లలో సర్దితే మీటరుకు 30 వస్తాయి, సాలులో దూరం మూడు సెంటీమీటర్లు దాటుతుంది, సాళ్ల మధ్య నీడ త్వరగా కమ్ముకుంటుంది. హర్యానా, పంజాబ్‌లలో కలుపు బెడద ఎక్కువున్న చేలలో సగం విత్తనం ఒక దిశలో, మిగతా సగం దానికి అడ్డంగా విత్తే పద్ధతి కూడా ఉంది. డీజిల్ ఖర్చు రెట్టింపు అవుతుంది కాని కలుపు అణగడం కంటికి తెలుస్తుంది. ఒక ఇబ్బంది మాత్రం ఉంది: సాళ్లు దగ్గరైనా, అడ్డదిడ్డమైనా మధ్యలో దంతె గాని గుంటక గాని తోలడం కుదరదు. కూలీలతో, పనిముట్లతో కలుపు తీసేవారికి, రసాయనాలు వాడని సేంద్రియ రైతులకు సాళ్లు కాస్త వెడల్పుగా ఉండడమే మేలు.

విత్తనం 60 కిలోలకు ఎందుకు వద్దంటున్నానంటే, సాంద్రత ఒక హద్దు దాటాక గోధుమ తనతో తానే పోటీపడుతుంది. కాండాలు సన్నబడతాయి, వెన్నులు పొట్టిబడతాయి, గాలి ఆడని చేలో పేనుబంక, బూడిద తెగులు పెరుగుతాయి, గింజ పాలుపోసుకునే వేళ ఒక్క గాలివానకు చేను పడిపోతుంది. సకాలంలో విత్తినప్పుడు హెక్టారుకు 100 కిలోలు, ఆలస్యమైనప్పుడు 125 కిలోలు అన్న సిఫార్సు వెనుక అనుభవముంది. కలుపు ఎక్కువగా వస్తుందని తెలిసిన చేలో సకాలంలో విత్తినా 125 వరకు, అంటే ఎకరాకు 50 కిలోల వరకు వెళ్లవచ్చునన్నది నా అభిప్రాయం. దానికి మించి వెళ్లవద్దు.

ఇప్పుడు ఎరువు. గోధుమ ఒక టన్ను గింజ ఇవ్వడానికి సుమారు 25 కిలోల నత్రజని తీసుకుంటుంది. హెక్టారుకు ఐదు టన్నులు పండే పంజాబ్, హర్యానా చేలకు 125 నుంచి 150 కిలోల నత్రజని సిఫార్సు చేయడానికి ఈ లెక్కే ఆధారం. అయితే ఆ నత్రజని గోధుమ పేరు రాసుకుని నేలలోకి దిగదు. అక్కడి గోధుమకు పెద్ద శత్రువు గుల్లీ దండా; కొన్ని ఊళ్లలో మండూసీ అంటారు, శాస్త్రీయ నామం ఫలారిస్ మైనర్. పిల్ల మొక్కగా ఉన్నప్పుడు గోధుమకూ దానికీ తేడా పోల్చడం కష్టం. వంగి మొదలు దగ్గర చూస్తే గుల్లీ దండా కాండం నేలకు ఆనేచోట ఎర్రగా ఉంటుంది, గిల్లితే గులాబీ రంగు రసం వస్తుంది. గోధుమ మొదలు తెల్లగా, లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఈ కలుపు నత్రజనికి గోధుమ కంటే చురుగ్గా స్పందిస్తుంది. పొట్టి గోధుమ రకాలు, కాలువ నీరు, యూరియా, వరి తర్వాత గోధుమ అనే వరుస, ఈ నాలుగూ కలిసి 1970ల తర్వాత దానికి అనుకూలమైన రాజ్యాన్నే ఏర్పరచాయి. పొడవు గోధుమల కాలంలో దానికి అంత వెలుతురు దొరికేది కాదు.

ఐసోప్రొట్యూరాన్ అనే కలుపు మందు చాలా ఏళ్లు దాన్ని అదుపులో ఉంచింది. తర్వాత ఏటేటా అదే మందు వాడడం, దాన్ని పిచికారీ చేయకుండా ఇసుకలోనో యూరియాలోనో కలిపి చల్లేయడం వల్ల మోతాదు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడి, బతికి బయటపడిన మొక్కలే విత్తనం కట్టాయి. హిసార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మలిక్, సముందర్ సింగ్ 1995లో ఇలా మందుకు లొంగని గుణాన్ని, అంటే నిరోధకతను ప్రకటించేనాటికే, ఆ దశాబ్దం తొలి సంవత్సరాల్లో కొందరు రైతులు గింజ మీద ఆశ వదులుకుని గోధుమను పచ్చిగానే కోసి పశువులకు వేసే పరిస్థితి వచ్చింది. ఆ చేలలో యూరియాకు ఏ లోటూ లేదు. మంచి గోధుమకు వేసే మోతాదే వేశారు. అది వెళ్లింది చదరపు మీటరుకు వందల్లో, కొన్నిచోట్ల వేలల్లో మొలిచిన గుల్లీ దండాకు.

గోధుమ చేలలో మొలిచే మరో గడ్డి జాతి కలుపైన అడవి ఓట్స్ విషయంలోనూ ఇదే తేలింది. కాలిఫోర్నియాలో 1980లలో చేసిన ప్రయోగాల్లో, అడవి ఓట్స్ ఉన్న గోధుమకు నత్రజని పెంచితే ఆ కలుపు కంకులు పెరిగి గోధుమ దిగుబడి పెరగకపోగా తగ్గింది. కలుపు చాలా పల్చగా ఉన్నచోటే ఎరువు గోధుమకు లాభించింది. మీ చేలో మొలిచిన పప్పుకూర, అంటే ఉత్తరాదివారి బథువా, నత్రజనిని ఇంకా ఇష్టపడే మొక్క. పెంటకుప్పల పక్కన అది ఎంత ఏపుగా పెరుగుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. పైగా నేలలో నైట్రేట్ (మొక్క పీల్చుకునే నత్రజని రూపం) పెరిగితే దాని విత్తనాలు నిద్రావస్థ వీడి ఎక్కువగా మొలుస్తాయి. విత్తేటప్పుడే యూరియా ఎక్కువ వేయడమంటే దాన్ని నిద్ర లేపి మరీ మేపడమే.

అలాగని ఎరువు తగ్గిస్తే కలుపు పోతుందా అంటే, పోదు. కలుపు జాతి మారుతుంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843లో మొదలై నేటికీ నడుస్తున్న బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగంలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ కలుపు మందు వాడకుండా ఉంచిన భాగంలో, నత్రజని వేయని మడుల్లో గాలిలోని నత్రజనిని తామే స్థిరీకరించుకునే చిక్కుడు జాతి కలుపు వర్ధిల్లింది; నత్రజని ఎక్కువగా వేసిన మడుల్లో ఆ జాతులు తగ్గి, ఎరువును పీల్చుకునే ఇతర కలుపు పెరిగింది. మన దేశంలోనూ ఆకలితో ఉన్న గోధుమ చేలలో సెంజీ, మైనా వంటి చిక్కుడు జాతి కలుపు తలెత్తడం చూస్తాం. నత్రజని చాలక గోధుమ ఆకులు పల్చగా ఉంటే నేలమీద వెలుతురు పడుతుంది, వెలుతురు పడితే కలుపు వస్తుంది. అందువల్ల ఎరువు మొత్తం తగ్గించడం కన్నా, అది ఎప్పుడు, ఎక్కడ పడుతుందన్నది సరిచూసుకోవడం ముఖ్యం.

ఎక్కడ అన్నదానికి సమాధానం తేలిక. డీఏపీని చల్లకుండా విత్తనానికి కాస్త కిందుగా లేదా పక్కగా సాలులో పడేటట్లు ఎరువు పెట్టె ఉన్న డ్రిల్‌తో వేయాలి. భాస్వరం నేలలో కదలదు కాబట్టి, గోధుమ వేరు దగ్గర వేసింది గోధుమకే అందుతుంది. చేనంతా చల్లింది సాళ్ల మధ్య కలుపుకు సమానంగా అందుతుంది.

ఎప్పుడు అన్నదే జాగ్రత్తగా చూడవలసిన విషయం. మొదటి మూడు వారాల్లో గోధుమకు నత్రజని అవసరం చాలా తక్కువ. 20 నుంచి 25 రోజుల మధ్య, కాండం మొదలు నుంచి కొత్త వేళ్లు (కిరీటపు వేళ్లు) దిగే దశలో తొలి తడి ఇస్తాం. ఆ తర్వాత పిలకలు వేసి, కాండం సాగడం మొదలయ్యాక అవసరం బాగా పెరుగుతుంది. కలుపు చేసే నష్టంలో ఎక్కువ భాగం 30 నుంచి 45 రోజుల మధ్యే తేలిపోతుంది. మొదలులో వేసే నత్రజనిని మూడో వంతుకు మించకుండా ఉంచి, మిగతాది తొలి తడికి, రెండో తడికి పంచాలి. తొలి తడితో వేసిన యూరియా గోధుమకు దక్కాలంటే, తర్వాత పది పన్నెండు రోజుల్లోపు, అంటే కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడే నివారణ జరిగి తీరాలి. కూలీలు దొరకలేదనో, తడి ఆరలేదనో అది 50వ రోజుకు జరిగితే, అప్పటికి కలుపు తన భోజనం ముగించి ఉంటుంది; చచ్చినా గోధుమకు ఒరిగేదేమీ ఉండదు. కలుపు తీయడం ఆలస్యమవుతుందని ముందే తెలిస్తే, రెండో విడత యూరియాను కూడా ఆపి, కలుపు పోయిన తర్వాతి తడికి వేయండి. ఈ ఒక్క మార్పుతో ఎరువు ఖర్చు పెరగకుండానే తేడా వస్తుంది.

విత్తే తేదీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. గుల్లీ దండా చలి ముదిరాకే జోరుగా మొలుస్తుంది. 1990ల చివర హర్యానాలో వరి కోసిన చేలో దున్నకుండా నేరుగా గోధుమ విత్తే పద్ధతి వ్యాపించడానికి డీజిల్ ఆదా ఒక కారణమైతే, ఇది రెండో కారణం. దున్నకపోతే కిందనున్న కలుపు గింజలు పైకి రావు, విత్తడం ఒకటి రెండు వారాలు ముందుకు జరుగుతుంది, కలుపు తలెత్తేసరికి గోధుమ నీడ పరచి ఉంటుంది.

మీ ప్రాంతానికి వచ్చేసరికి గుల్లీ దండా ప్రధాన సమస్య కాదు, వెడల్పాకు కలుపే ఎక్కువ. కాని మరో చిక్కుంది. దక్కనులో చలికాలం పొట్టిది. వేడి త్వరగా రావడంతో గోధుమ పిలకలు తొడగడానికి ఉత్తరాదిలో ఉన్నంత సమయం దొరకదు. పల్చగా మొలిచిన చేను అక్కడ పిలకలతో కొంత సర్దుకుంటుంది, మీ దగ్గర అంతగా సర్దుకోలేదు. అందువల్ల మొక్కల సంఖ్య మొదట్లోనే సరిగ్గా ఉండడం మీకు మరింత అవసరం. నవంబరు మొదటి పక్షంలో, 18 నుంచి 20 సెంటీమీటర్ల సాళ్లలో, ఎకరాకు 45 నుంచి 50 కిలోలు వేయండి. ఎరువు విషయానికొస్తే, దక్షిణాది నీటిపారుదల గోధుమకు చెప్పే హెక్టారుకు 120:60:40 మోతాదును ఎకరాకు లెక్కిస్తే 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 16 కిలోల పొటాష్ అవుతుంది. ఒక బస్తా డీఏపీలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం వస్తాయి. మిగిలిన నత్రజనికి 85 కిలోల యూరియా, అంటే రెండు బస్తాల కంటే కొంచెం తక్కువ చాలు. పొటాష్‌కు 27 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు సరిపోతుంది. మీరు వేసిన మూడు బస్తాలే సిఫార్సును దాటాయి, నాలుగోదాని ప్రసక్తే వద్దు. ఈ 85 కిలోల్లో 15 కిలోలు మాత్రమే విత్తేటప్పుడు వేసి, మిగతా 70 కిలోలను తొలి రెండు తడులకు సగం సగంగా పంచండి.

కలుపు మందు వాడదలిస్తే మీ దగ్గర ప్రత్యేకంగా చూసుకోవలసినవి ఉన్నాయి. వెడల్పాకు కలుపుకు 2,4-డి చవకగా దొరుకుతుంది గాని, డిసెంబరులో మీ చుట్టుపక్కల పత్తి, కంది ఇంకా నిలిచే ఉంటాయి. గాలికి ఆ తుంపర చేరితే పత్తి ఆకులు ముడుచుకుపోతాయి. 30 రోజులకు ముందు చల్లితే గోధుమ వెన్నులే వంకర్లు తిరుగుతాయి. అందుకే మీ పరిస్థితిలో హెక్టారుకు 4 గ్రాముల అసలు మందు (ప్యాకెట్ మొత్తం బరువు కాదు, అందులోని క్రియాశీల పదార్థం) చొప్పున మెట్‌సల్ఫ్యూరాన్ మిథైల్ మేలనుకుంటాను; దాన్నైనా గాలి లేని ఉదయం, విసనకర్రలా పరిచి చల్లే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్‌తో, ఎకరాకు 150 నుంచి 200 లీటర్ల నీటితో చల్లాలి. గడ్డి జాతికి వాడే సల్ఫోసల్ఫ్యూరాన్ జోలికి మాత్రం పోవద్దు, ఎందుకంటే దాని అవశేషం తర్వాత వేసే జొన్న, మొక్కజొన్నలను దెబ్బతీస్తుంది. ఏ మందునైనా యూరియాలో కలిపి చల్లడం పూర్తిగా మానండి.

రెండెకరాలే కాబట్టి మీ చేలోనే దీన్ని సరిచూసుకోవచ్చు. ఒక మూల నాలుగు చిన్న మడులు కట్టి, రెండింటిలో ఎకరాకు 40 కిలోల లెక్కన, రెండింటిలో 50 కిలోల లెక్కన సాళ్లలో విత్తండి. ప్రతి జతలో ఒక మడికి తొలి నెలలోనే కలుపు తీసి, రెండోదాన్ని అలాగే వదిలేయండి. యూరియా నాలుగింటికీ ఒకే మోతాదులో, ఒకే రోజు వేయండి. మొలిచిన పదిహేను రోజులకు ప్రతి మడిలో మూడు చోట్ల మీటరు సాలులో మొక్కలు లెక్కపెట్టి రాసుకోండి, కోతకు ముందు అక్కడే వెన్నులు లెక్కపెట్టండి, నూర్చాక గింజను మడివారీగా తూచండి. ఆ అంకెలు, మీ విత్తనం వెయ్యి గింజల బరువు పంపితే, వచ్చే ఏడాదికి మీ చేలో ఎంత విత్తనం, ఎంత యూరియా సరిపోతాయో కూర్చుని లెక్క వేద్దాం.